ఉచితంగా వినాలా, చందా కట్టాలా, కొనుక్కోవాలా: మీకు అడ్డొచ్చే పరిమితిని బట్టి తేల్చుకోండి

కొన్నేళ్ల క్రితం ఒక ఉచిత యాప్‌లో నాకు ఇష్టమైన ఆల్బమ్ తెరిచాను. అందులో మూడో పాట ముగిసీ ముగియకముందే నాలుగో పాటలోకి జారుతుంది. ఆ రెండింటినీ వరసగా వింటేనే ఆ సంగీతం పూర్తిగా చెవికెక్కుతుంది. యాప్ మొదట ఏడో పాట వేసింది. దాటించాను. రెండోది వచ్చింది. మళ్లీ దాటించాను. ఆరుసార్లు దాటించాక, ఇక గంటసేపు దాటించడం కుదరదని తెర మీద చిన్న అక్షరాల్లో కనిపించింది. చాలాసేపటికి మూడో పాట దానంతట అదే వచ్చింది. సరిగ్గా అది నాలుగో పాటతో కలవాల్సిన చోట ఒక ప్రకటన దూరింది. ఆ రోజు నాలుగో పాట వినలేదు.

ముందు కోపం వచ్చింది. కాస్త నిదానించాక వేరే సంగతి తట్టింది. పాట నాకు దొరికింది, అదీ పైసా ఖర్చు లేకుండా. దాన్ని ఎప్పుడు, ఏ వరసలో వినాలో చెప్పే అధికారం మాత్రం నా చేతిలో లేదు. అదే రోజు పక్కగదిలో పనిచేసుకుంటూ అదే యాప్ వింటున్న మా అన్నయ్యకు ఏ ఇబ్బందీ తెలియలేదు. ఏదో ఒక పాట మోగుతుంటే ఆయనకు చాలు. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే సేవ, ఒకే నిబంధన. నష్టం నాకొక్కడికే.

అందుకే ఏ సేవ గొప్పదన్న ప్రశ్నతో మొదలుపెట్టవద్దంటాను. ఉచిత స్ట్రీమింగ్ మీద కంపెనీలు పెట్టే పరిమితుల్లో చాలా రకాలున్నాయి. కొన్ని మీకు తగలనే తగలవు, ఒకటో రెండో మాత్రం రోజూ అడ్డొస్తాయి. ఆ అడ్డొచ్చేదేదో తెలిస్తే ఉచితం చాలా, చందా కావాలా, పాట కొనుక్కోవడమే మేలా అన్నది తేల్చుకోవడం కష్టం కాదు. ఈ పరిమితులు సంగీతం అమ్మకాలను ఏం చేస్తాయో కూడా ఈ తేడాలోంచే అర్థమవుతుంది.

పరిమితుల్లో రకాలు

మొదట చెప్పాల్సింది గంటల లెక్క. స్పాటిఫై 2008 అక్టోబరులో ఐరోపాలో మొదలైంది. ప్రకటనలు భరిస్తే కంప్యూటర్ మీద కోరిన పాట కోరినంతసేపు వినే వీలుండేది. 2011 మే నుంచి ఆ ఉదారత తగ్గింది. మొదటి ఆరు నెలలు దాటిన ఉచిత ఖాతాకు నెలకు పది గంటలే ఇచ్చారు. ఒక్కో పాటను మొత్తం మీద ఐదుసార్లకు మించి విననివ్వలేదు. ఫ్రాన్సులో డీజర్ అనే స్ట్రీమింగ్ సేవ అదే ఏడాది ఉచిత శ్రోతలకు నెలకు ఐదు గంటల హద్దు పెట్టింది. అమెరికాలో పండోరా అనే ఇంటర్నెట్ రేడియో 2009లో నెలకు నలభై గంటలని గిరి గీసి, 2011లో సడలించింది. 2013 మొదట్లో ఫోన్లలో వినేవారికి మళ్లీ అదే హద్దు తెచ్చి, ఆ సెప్టెంబరుకల్లా ఎత్తేసింది. స్పాటిఫై కూడా బ్రిటన్‌లో ఐదుసార్ల నిబంధనను 2013లో, గంటల హద్దును 2014 జనవరిలో తీసేసింది.

ఎందుకు పెట్టారు, ఎందుకు తీసేశారు? ఎవరైనా ఒక పాట విన్న ప్రతిసారీ హక్కుదారులకు రాయల్టీ చెల్లించాలి. ప్రకటనల రాబడి ఆ ఖర్చుకు ఒక్కోసారి చాలదు. ఎక్కువసేపు వినేవారే కంపెనీకి ఎక్కువ ఖర్చు. కాని నెలకు పది గంటలు ఎవరికి ముందుగా నిండుతాయి? సంగీతమంటే ప్రాణం పెట్టేవారికి. రేపు చందా కట్టేదీ, కచేరీకి టికెట్టు కొనేదీ, పదిమందికి పాట పరిచయం చేసేదీ వాళ్లే. గంటల హద్దు తలుపు మూసేది వాళ్ల మొహాన. ఎప్పుడో ఒకసారి వినేవారికి అలాంటి హద్దు ఉందన్న సంగతే తెలియదు. అన్ని పరిమితుల్లోకీ ఇదే మొరటుదని నేను నమ్ముతాను.

రెండో రకం అదుపు మీద హద్దు. ఎంతసేపైనా వినవచ్చు, ఏది వినాలో మాత్రం చెప్పలేరు. 2013 డిసెంబరులో స్పాటిఫై ఫోన్లలో ఉచితంగా వినే వీలు కల్పించినప్పుడు ఈ దారి పట్టింది. ఆల్బమ్ తెరిస్తే పాటలు కలగాపులగంగా వచ్చేవి, గంటకు ఆరుసార్లు దాటించే వీలుండేది. ఇలాంటి నిబంధనలకు వెనక చట్టం కూడా ఉంది. అమెరికా కాపీరైటు చట్టం ప్రకారం, శ్రోత పాటను ఎంచుకోలేని ఇంటర్నెట్ రేడియోకు లైసెన్సు సులువుగా దొరుకుతుంది. బదులుగా మూడు గంటల వ్యవధిలో ఒకే ఆల్బమ్ నుంచి మూడు పాటలకు, ఒకే కళాకారుడివి నాలుగు పాటలకు మించి వేయకూడదు. కోరిన పాట కోరినప్పుడు వినిపించాలంటే మాత్రం హక్కుదారులతో విడిగా బేరమాడుకోవాలి. ఆ లైసెన్సు ఖరీదు. శ్రోతకు అర్థంలేని చిరాకుగా కనిపించే ఈ ఏర్పాటు వెనక ఇంత లెక్క ఉంది. ఈ హద్దులూ శాశ్వతం కావు. 2025 సెప్టెంబరులో స్పాటిఫై ఉచిత శ్రోతలు కూడా కోరిన పాటను వెతికి వినే వీలు ఇచ్చింది. కాబట్టి రెండేళ్ల క్రితం ఎవరో చెప్పిన మాట పట్టుకుని నిర్ణయం తీసుకోకండి. ఈ రోజు నిబంధన ఏమిటో మీ ఫోనులోనే చూడండి.

నాణ్యత, డౌన్‌లోడ్, తెర ఆర్పితే పాట ఆగిపోవడం వంటివి మూడో రకం. వీటి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ప్రయాణాలు ఎక్కువైతే, నెట్ సరిగా అందకపోతే డౌన్‌లోడ్ లేకపోవడం పెద్ద లోటే. ధ్వని నాణ్యత మాత్రం మామూలు ఇయర్‌ఫోన్లలో, బయటి రొదలో వినేవారికి చందా కట్టించేంత కారణం కాదని నా అనుభవం. మంచి స్పీకర్లతో ఇంట్లో కూర్చుని వినేవారి సంగతి వేరు.

నాలుగోది సమయం మీద హద్దు. కొత్త ఆల్బమ్‌ను కొన్నాళ్లపాటు ఉచిత శ్రోతలకు, ఒక్కోసారి స్ట్రీమింగ్ మొత్తానికే ఇవ్వకుండా ఆపుతారు. గాయని టేలర్ స్విఫ్ట్ 2014 నవంబరులో తన ఆల్బమ్‌లన్నీ స్పాటిఫై నుంచి తీసేసి 2017 జూన్‌లో తిరిగి ఇచ్చారు. మరో గాయని అడెల్ 2015 నవంబరులో విడుదల చేసిన ఆల్బమ్ ఏడు నెలలపాటు స్ట్రీమింగ్‌లో లేదు. అమెరికాలో ఒక్క వారంలోనే 33 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. 2017లో యూనివర్సల్ అనే రికార్డు కంపెనీ స్పాటిఫైతో చేసుకున్న ఒప్పందంలో, కొత్త ఆల్బమ్‌లను రెండు వారాలపాటు చందాదారులకే ఇచ్చే వీలు పెట్టుకుంది.

అమ్మకాలు పెరిగాయా, తగ్గాయా

ఉచితంగా దొరికేదాన్ని ఎవరు కొంటారన్న ప్రశ్న సహజమే. రికార్డు కంపెనీల వాదనంతా దాని మీదే నిలబడింది. కాని ఈ ప్రశ్నకు జవాబు ఒకవైపే లేదు.

డీజర్ ఐదు గంటల హద్దు పెట్టిన సందర్భాన్ని ఆర్థికవేత్త లూయిస్ అగియార్ పరిశీలించారు. ఫ్రాన్సులో జనం ఇంటర్నెట్‌లో ఏ సైట్లకు వెళ్తున్నారన్న వివరాలు తీసుకుని, హద్దుకు ముందూ తరవాతా పోల్చి చూశారు. ఉచితంగా వినడం తగ్గితే కొనడం పెరగాలి కదా? అలా జరగలేదు. పాటలు అమ్మే సైట్లకు రాకపోకలు కూడా తగ్గాయి, దొంగ డౌన్‌లోడ్ల సైట్లకూ తగ్గాయి. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. కంప్యూటర్ దగ్గర కూర్చుని ఉచితంగా విన్నవాళ్లు నచ్చిన పాటను వెంట తీసుకెళ్లడానికి మరోచోట వెతుక్కునేవారు. వినడమే ఆగిపోయాక వెతకాల్సిన పాటే లేకుండా పోయింది. అమ్మకాలకు కాపలా అనుకుని వేసిన కంచె, చేను మేసింది.

జర్మనీలో ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. రాయల్టీ వివాదం వల్ల 2009 నుంచి 2016 నవంబరు దాకా యూట్యూబ్‌లో చాలా సంగీత వీడియోలు అక్కడివారికి కనిపించలేదు. వీడియో స్థానంలో, మీ దేశంలో ఇది అందుబాటులో లేదన్న సందేశం వచ్చేది. క్రెచ్‌మర్, పాయ్‌కర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు దాని ప్రభావాన్ని లెక్కగట్టారు. ఆ అడ్డు వల్ల సంగీతం అమ్మకాలు సగటున సుమారు 5 నుంచి 10 శాతం తగ్గాయని తేల్చారు.

ఇక్కడితో ఆపితే కథ సుఖాంతమే. కాని 2009లోనే వార్నర్ అనే రికార్డు కంపెనీ తన వీడియోలను నెలల తరబడి యూట్యూబ్ నుంచి తీసేసింది. ఆ కాలాన్ని పరిశీలించిన ఆర్థికవేత్త స్కాట్ హిల్లర్‌కు దానికి విరుద్ధమైన ఫలితం కనిపించింది. వీడియోలు లేనప్పుడు ఆల్బమ్‌లు ఎక్కువ అమ్ముడుపోయాయి. ఆ మేలు ప్రధానంగా అమ్మకాల పట్టికలో పైనున్న ఆల్బమ్‌లకే దక్కింది.

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టు పైకి కనిపిస్తాయి. నాకు మాత్రం ఒకే విషయాన్ని చెరోవైపు నుంచి చూపుతున్నట్టు అనిపిస్తుంది. పేరు మోగిపోయిన గాయకుడి పాటను జనం ఎలాగూ వెతుక్కుంటూ వస్తారు. ఉచితంగా దొరకకపోతే కొంటారు. అడెల్‌కు సాధ్యమైంది అందుకే. ఎవరికీ తెలియని గాయకుడికి ఉచిత శ్రవణమే పరిచయ పత్రం. దాన్ని మూసేస్తే కొనడానికి ముందు తెలియాలి కదా అన్న దగ్గరే ఆగిపోతాడు. పెద్దవాళ్లకు కలిసొచ్చిన పద్ధతి చూసి చిన్నవాళ్లు తమ పాటలను దాచుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అయితే ఉచితం అమ్మకాలను తినదని చెప్పడమూ తప్పే. అగియార్, మరో ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ కలిసి 2015లో చేసిన అధ్యయనంలో సుమారు 137 స్ట్రీములు ఒక పాట అమ్మకాన్ని తగ్గిస్తాయని తేలింది. అంటే అమ్మకం పోతుంది. కాని ఆ స్ట్రీముల రాయల్టీ కూడితే పోయినదీ వచ్చినదీ దాదాపు సరిసమానమైంది. పైగా దొంగ డౌన్‌లోడ్లు తగ్గాయి. సంగీత పరిశ్రమ మొత్తం ఆదాయం చూసినా ఇదే కనిపిస్తుంది. 1999 తరవాత పదిహేనేళ్లు జారుతూ వచ్చిన ఆదాయం 2015 నుంచి తిరిగి పైకి లేచింది. అంతర్జాతీయ రికార్డు పరిశ్రమ సమాఖ్య లెక్క ప్రకారం 2024లో అది 2,960 కోట్ల డాలర్లు. అందులో 69 శాతం స్ట్రీమింగ్‌దే. చందా కట్టి వింటున్నవారు 75.2 కోట్లు. వారిలో ఎందరో ఉచిత గుమ్మం గుండా లోపలికి వచ్చినవాళ్లే. తనకు కొత్తగా చేరిన చందాదారుల్లో 60 శాతానికి పైగా ముందు ఉచితంగా విన్నవారేనని స్పాటిఫై 2018లో మదుపరులకు ఇచ్చిన పత్రాల్లో రాసింది.

ఇక మీ ఎంపిక

ఒక వారంపాటు ఉచిత సేవనే వాడండి. పక్కన ఒక కాగితం ఉంచుకోండి. విసుగు కలిగిన ప్రతిసారీ ఎందుకో ఒక్క మాట రాయండి: ప్రకటన, వరస తప్పడం, దాటించడం ఆగిపోవడం, నెట్ లేకపోవడం, పాటే లేకపోవడం. నేనిలా రాసినప్పుడు ప్రకటనలు నన్ను బాధిస్తున్నాయని ముందే అనుకున్నాను. వారం చివర చూస్తే ప్రకటన అన్న మాట నాలుగుసార్లు, వరస అన్న మాట పందొమ్మిదిసార్లు ఉంది. నా రోగం అప్పటిదాకా నాకే తెలియదు.

కాగితం దాదాపు ఖాళీగా ఉంటే ఉచితమే మీకు తగినది. మొహమాటపడాల్సిన పని లేదు. మీరు వింటున్న ప్రకటనలకూ డబ్బు వస్తుంది, అందులో వాటా పాడినవారికీ వెళ్తుంది. కాకపోతే ఆ వాటా చిన్నది. ఉచిత శ్రోతల వల్ల వచ్చే రాబడినీ, చందాల రాబడినీ విడివిడి కుప్పలుగా పోసి, ఏ పాటను ఎన్నిసార్లు విన్నారో దాన్ని బట్టి పంచుతారు. చందా కుప్ప చాలా పెద్దది. కాబట్టి అదే పాటను చందాదారు వింటే కళాకారుడికి ఎక్కువ ముడుతుంది.

వరస, దాటించడం, నెట్ లేకపోవడం అన్నవి కాగితం నింపేస్తే చందా కట్టండి. ఆల్బమ్‌ను ఆల్బమ్‌లా వినేవారికి, రోజుకు గంట దాటి వినేవారికి, రోజూ కొత్తదనం వెతికేవారికి దీనికి సాటి లేదు. ఇంట్లో ముగ్గురు నలుగురు వినేవాళ్లుంటే కుటుంబ చందా చూడండి, తలకు తక్కువ పడుతుంది. ఒకటి గుర్తుంచుకోవాలి: చందాతో డౌన్‌లోడ్ చేసుకున్న పాట మీది కాదు. స్పాటిఫైలోనైతే కనీసం ముప్ఫై రోజులకొకసారి నెట్‌కు తగిలించకపోతే డౌన్‌లోడ్లు పోతాయి. చందా ఆపితే అన్నీ ఒకేసారి పోతాయి. హక్కుల ఒప్పందం ముగిస్తే మీరు చందా కడుతున్నా పాట మాయమవుతుంది. ప్లేలిస్టులో బూడిదరంగులోకి మారిన పేరును నొక్కి నొక్కి చూసినవారికి ఆ బాధ తెలుసు.

కొనుక్కోవడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే ఇప్పుడు దాన్ని పాతకాలపు అలవాటుగా చూస్తున్నారు. ఒక చిన్న లెక్క వేయండి. నాలుగు నిమిషాల పాటను సెకనుకు 160 కిలోబిట్ల నాణ్యతలో ఒకసారి స్ట్రీమ్ చేస్తే దాదాపు 4.8 మెగాబైట్లు ఖర్చవుతాయి. యాప్ దాన్ని దాచిపెట్టకపోతే వందసార్లకు 480 మెగాబైట్లు. అదే పాటను 256 కిలోబిట్ల ఫైలుగా కొంటే ఒకసారి 7.7 మెగాబైట్లు దిగుతాయి, అంతే. నాణ్యత ఎక్కువ, డేటా ఖర్చు మళ్లీ లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. ఐట్యూన్స్‌లో అమ్మే పాటలకు కాపీ చేయకుండా వేసిన తాళాలను 2009లో తీసేశారు. కాబట్టి కొన్న ఫైలును మీ దగ్గరున్న ఏ పరికరంలోనైనా దాచుకోవచ్చు. కళాకారులు తమ పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో కొంటే కంపెనీ డిజిటల్ అమ్మకం మీద 15 శాతం తీసుకుంటుంది. చెల్లింపు రుసుములు పోను మిగతాదంతా పాట పెట్టినవారిదే. ఒక పేరులేని బృందం ఆల్బమ్‌ను మీరు కొంటే వాళ్లకు అందేది, మీరు దాన్ని ఏళ్ల తరబడి స్ట్రీమ్ చేసినా రాకపోవచ్చు. పైగా 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదిలో కనీసం వెయ్యిసార్లు వినబడని పాటకు రాయల్టీలో వాటా ఉండదు. చిన్న కళాకారుల మీద ప్రేమ ఉంటే ఈ ఒక్క నిబంధన చాలు, కొనడానికి.

ఎవరు కొనాలి మరి? తిప్పి తిప్పి అవే పాటలు వినేవారు. మీ ఏడాది చందాను ఒక ఆల్బమ్ ధరతో భాగించండి. వచ్చిన అంకె, ఏడాదిలో మీరు నిజంగా మనసుపడే కొత్త ఆల్బమ్‌ల కన్నా ఎక్కువైతే కొనుక్కోవడమే చవక. మూడేళ్లు గడిచేసరికి మీ దగ్గర ఒక సొంత సంగ్రహం ఉంటుంది. చందాకైతే మూడేళ్ల రసీదులే మిగులుతాయి. కొత్తవాటి కోసం వెతుకులాట ఎక్కువున్నవారికి ఈ లెక్క తిరగబడుతుంది, కొనుక్కుంటూ పోతే ఇల్లు గుల్లవుతుంది.

నేను కలిపి వాడతాను. పరిచయానికి ఉచితం. పదోసారి వినాలనిపించినదాన్ని కొంటాను. పాటలు ఎక్కువ వినే కాలంలో రెండు మూడు నెలలు చందా కట్టి, తరవాత ఆపేస్తాను. చాలా సేవల్లో నెలనెలా ఆపే వీలుంది, దాన్ని వాడుకునేవారే తక్కువ. మొదటి నెలలు ఉచితమని ఊరించే చందాలో చేరితే మాత్రం, అది ముగిసే తేదీకి రెండు రోజుల ముందు ఫోనులో గుర్తు పెట్టుకోండి. లేకపోతే డబ్బు దానంతట అదే కట్ అవుతుంది.

పాటలు చేసి పెట్టేవారు కూడా ఇది చదువుతుంటే ఒక్క మాట. మీ పేరు ఇంకా పదిమందికి తెలియకపోతే ఉచిత శ్రోతలకు అడ్డుకట్ట వేయకండి. నచ్చినవారు కొనడానికి ఒక చోటు మాత్రం తెరిచి ఉంచండి, ఆ చిరునామా పాట పక్కనే కనిపించేలా పెట్టండి.

చందా ఆపే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ప్లేలిస్టుల్లోని పేర్లన్నీ బయట ఎక్కడైనా రాసిపెట్టుకోండి. కొన్ని సేవలు మీ సమాచారాన్ని ఫైలుగా పంపమంటే పంపుతాయి, దానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ముందుగానే అడగండి. ఆ జాబితాలో ఏ పేర్లు చదవగానే పాట చెవిలో మోగుతుందో వాటికి గీత పెట్టండి. కొనాల్సినవి అవే.